చింతపిక్కలతో 2¹²⁷ − 1: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 22

విజయనగరంలో మా ఇంటి వసారా గోడమీద ఈ ఉదయం సున్నంముక్కతో ఒక సంఖ్యను రాశాను: 170141183460469231731687303715884105727. రెండును నూట ఇరవై ఏడుసార్లు హెచ్చించి ఒకటి తీసివేస్తే వచ్చే ముప్పై తొమ్మిది అంకెల సంఖ్య ఇది. అమ్మ దానిని చూసి ఇంత పొడుగు ఫోను నంబరు ఎవరిదని అడిగింది. ఇది ప్రధాన సంఖ్య అని ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకాస్ 1876లో నిరూపించాడు. ఇరవై ఏళ్లుగా బడిలో లెక్కలు చెబుతూ ఈ మాటను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను గాని, నా చేత్తో ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు. ఈ వానాకాలం పూర్తయ్యేలోగా ఆ లోటు తీర్చుకోవాలన్నది సంకల్పం.

డిప్లొమా చదువుతున్న మా అన్నయ్య కొడుకు ఈ పనిలో నాకు తోడు. ‘అత్తా, కంప్యూటర్‌లో ఒక్క వరుస రాస్తే అవునో కాదో చెప్పేస్తుంది కదా’ అన్నాడు. అవునన్న జవాబు నాకు ముందే తెలుసు. ఆ జవాబు ఎక్కడ నుంచి వస్తుందో చూడటమే నాకు కావలసింది. అందువల్ల పెద్ద సంఖ్యల కోసం ఎవరో రాసిపెట్టిన సిద్ధ ప్రోగ్రాములను వాడకూడదని, ప్రతి మెట్టునూ మేమే కట్టుకోవాలని మొదటే నియమం పెట్టుకున్నాము.

మొదటి ప్రయత్నం సూటిగా భాగించి చూడటమే. అన్ని సంఖ్యలతోనూ భాగించనక్కరలేదు. ఒక ప్రధాన సంఖ్య 2¹²⁷ − 1ను నిశ్శేషంగా భాగిస్తే, ఆ భాజకం దృష్ట్యా, అంటే దానితో భాగించినప్పటి శేషాలను మాత్రమే చూస్తే, 2 యొక్క ఘాతాలు సరిగ్గా 127 మెట్లకు ఒకసారి 1కి తిరిగి వస్తాయి. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ భాజకంలో ఒకటి తగ్గించిన సంఖ్య 127కు గుణిజం కావాలి. భాజకం బేసి గనుక అది 254కు కూడా గుణిజమవుతుంది. అంటే భాజకాలు 255, 509, 763 ఇలా 254 చొప్పున పెరిగే వరుసలోనే ఉండాలి. వాటిలోనూ 8తో భాగిస్తే 1 గాని 7 గాని మిగిలేవే పనికివస్తాయి. ఈ జల్లెడలో మిగిలిన మొదటి నాలుగూ, అంటే 255, 1017, 1271, 2033, అసలు ప్రధాన సంఖ్యలే కావు. నిజంగా పరీక్షించవలసిన మొదటి సంఖ్య 2287.

దానిని కాగితంమీదనే చూశాను. 2287తో భాగిస్తే 2¹¹కు −239 (2048లోనుంచి 2287 తీసివేయగా), 2²²కు −54, 2⁴⁴కు 629, 2⁸⁸కు −10 వచ్చాయి. రెండుకు ఎనభై ఎనిమిదో ఘాతం చేతిలో ఇమిడే −10 కావడం చూసి కాసేపు ముచ్చటపడ్డాను. 2³⁹కు 377 వచ్చింది గనుక 2¹²⁷కు −3770, అంటే 804. ఒకటి తీసివేస్తే శేషం 803. కాబట్టి 2287 భాజకం కాదు.

ఒక సంఖ్య తీరింది. మా సంఖ్య వర్గమూలం సుమారు 1.3 × 10¹⁹, అక్కడి వరకూ ఈ జల్లెడలో మిగిలే అభ్యర్థులు 2.5 × 10¹⁶కు పైమాటే. సెకనుకు పది లక్షల చొప్పున చూసినా ఎనిమిది వందల ఏళ్లకు పైగా పడుతుంది. ఈ దారిని ఇక్కడితో వదిలిపెట్టాము.

జూన్ 29

లూకాస్ ఆలోచనను 1930లో అమెరికా గణితవేత్త లెహ్‌మర్ చక్కదిద్దిన రూపంలో తీసుకున్నాము. 4తో మొదలుపెట్టాలి. ఉన్న సంఖ్యను వర్గం చేసి 2 తీసివేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతంకన్నా రెండు తక్కువసార్లు ఇలా చేశాక సున్నా మిగిలితే అది ప్రధాన సంఖ్య, మిగలకపోతే సంయుక్త సంఖ్య. ఘాతం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు ఈ పరీక్ష రెండువైపులా పనిచేస్తుంది.

చిన్నవాటితో చేయి తిప్పుకున్నాము. 2⁷ − 1, అంటే 127కు వరుస ఇది: 4, 14, 67, 42, 111, 0. అయిదుసార్లలో సున్నా వచ్చింది. తరువాత 2¹¹ − 1, అంటే 2047ను తీసుకున్నాము. 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. తొమ్మిదోసారి 1736 మిగిలింది, సున్నా కాలేదు. నిజానికి 2047 అంటే 23 × 89. ఘాతం ప్రధానమైతే చాలు, ఫలితం కూడా ప్రధానమవుతుందని ఏటా కొందరు పిల్లలు పొరబడతారు. వారికోసమే 2047 ఉన్నట్లుంటుంది.

ఈ పరీక్షలో విచిత్రమేమంటే, సంయుక్త సంఖ్య అని చెప్పినప్పుడు అది భాజకాలను చూపదు. రెండుకు ఏ ఘాతాలు వేసి ఒకటి తీస్తే ప్రధాన సంఖ్యలు వస్తాయో 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ఇచ్చిన జాబితాలో 67 కూడా ఉంది. 2⁶⁷ − 1 ప్రధానం కాదని తెలిసిన తరువాత కూడా దాని భాజకాలు దొరకలేదు. 1903లో కోల్ అనే అమెరికా ఆచార్యుడు 193707721, 761838257287 అనే రెండింటినీ బయటపెట్టాడు. మొదటిదానినుంచి 1 తీసి 134తో భాగించి చూశాను, నిశ్శేషంగా 1445580 వచ్చింది. మొన్నటి జల్లెడ ఇక్కడ కూడా నిలిచింది.

జూలై 6

ఈ రోజంతా నేలమీదనే గడిచింది. లూకాస్ తన లెక్కను ద్విసంఖ్యామానంలో, 127 గడుల పొడవూ 127 గడుల వెడల్పూ గల చదరంగపు బల్లవంటి అమరికలో చేశాడు. మేము ముందు 7 × 7 గడుల బల్లను వసారాలో గీశాము. పావులకు సాలూరు సంతలో వేసవిలో కొన్న చింతపండు ఒలిచినప్పుడు అమ్మ డబ్బాలో దాచిన చింతపిక్కలు దొరికాయి. వామనగుంటలకు ఉంచుకున్నవి, పోగొట్టకూడదన్న షరతుమీద ఇచ్చింది.

గడులకు కుడినుంచి ఎడమకు 0, 1, 2 అని 6 వరకూ స్థానాలు. వాటి విలువలు 1, 2, 4 ఇలా రెట్టింపవుతూ 64 వరకూ. 67 కావాలంటే 6, 1, 0 స్థానాల్లో పిక్కలు పెట్టాలి. ఏడో స్థానం విలువ 128, దానిని 127తో భాగిస్తే శేషం 1. అంటే ఎడమ అంచు దాటిన పిక్క కుడి అంచున తిరిగి ప్రవేశిస్తుంది. భాగహారం అంతా ఇంతే. పదులలో తొమ్మిదులు తీసివేసి లెక్క సరిచూడటం మన పెద్దలు చేసేదే. పది స్థానంలోని అంకెను ఒకట్లలో కలిపితే 9తో భాగించినప్పటి శేషం వచ్చినట్లే, ఇక్కడ అంచు దాటినదానిని మొదట్లో కలిపితే 127తో భాగించినప్పటి శేషం వస్తుంది.

67ను వర్గం చేయడానికి, పిక్క ఉన్న ప్రతి స్థానానికీ ఒకటి చొప్పున, మూడు వరుసలు చాలు. మొదటి వరుసలో సంఖ్యను ఉన్నదున్నట్లు పెట్టాము, రెండో వరుసలో ఒక గడి ఎడమకు తిప్పి, మూడో వరుసలో ఆరు గడులు తిప్పి పెట్టాము. మొత్తం తొమ్మిది పిక్కలు. నిలువుగా లెక్కిస్తే 0 స్థానంలో మూడు, 1లో రెండు, 2లో ఒకటి, 5లో ఒకటి, 6లో రెండు. ఎక్కడ రెండు చేరినా వాటిని తీసి ఎడమ గడిలో ఒకటి పెట్టాలి. ఆరో స్థానంలోని రెండు పిక్కలు కలిసి ఒకటై అంచు దాటి సున్నా స్థానానికి వచ్చినప్పుడు, చూడటానికి వచ్చిన పక్కింటి పిల్లలు ‘బండి గంటస్తంభం చుట్టూ తిరిగి వచ్చేసింది’ అని నవ్వారు. సర్దుబాటు ముగిసేసరికి 5, 3, 2 స్థానాల్లో ఒక్కొక్క పిక్క మిగిలింది. అది 44. రెండు తీసివేయడానికి 2వ స్థానంలోని పిక్కను ఒక గడి కుడికి జరిపితే చాలు. 5, 3, 1 స్థానాల్లో గడి విడిచి గడి పిక్కలు, అంటే 42. కాగితంమీది వరుసతో కలిసింది.

111 దగ్గర మాత్రం ఆగవలసి వచ్చింది. దానికి ఆరు పిక్కలు, వర్గం చేయడానికి ముప్పై ఆరు. ఒక్క 4వ స్థానం మాత్రమే ఖాళీ. మేనల్లుడు కాసేపు చూసి, నిండిన గడులకు బదులు ఖాళీ గడులనే లెక్కిస్తే ఏమవుతుందని అడిగాడు. నిండు వరుస విలువ 127, అంటే సున్నాతో సమానం. కాబట్టి ఖాళీలను పిక్కలుగా మార్చడం సంఖ్యను ఋణాత్మకం చేయడమే, వర్గం చేస్తే గుర్తు ఎలాగూ పోతుంది. ముప్పై ఆరు పిక్కలకు బదులు 4వ స్థానంలో ఒకే పిక్క పెట్టి నాలుగు గడులు తిప్పాము. అది ఎనిమిదో స్థానానికి పోవాలి, అంచు దాటి 1వ స్థానంలో కూర్చుంది. దాని విలువ 2. రెండు తీసివేయగానే బల్ల ఖాళీ అయింది. ఈ ప్రశ్న నాకు తట్టలేదని ఒప్పుకోవాలి.

జూలై 20

13 × 13 బల్ల, 8191. రెండు ఆదివారాలు పట్టింది. మొదటిసారి వాన జల్లు వసారాలోకి కొట్టి గీతలు చెరిగిపోయాయి, రెండోసారి రంగుతో గీశాము. వరుస ఇలా వచ్చింది: 4, 14, 194, 4870, 3953, 5970, 1857, 36, 1294, 3470, 128, 0. నడుమ 5970 తరువాత ఒకచోట పిక్క తప్పి మళ్లీ చేశాము. పెద్ద పెద్ద అంకెల నడుమ హఠాత్తుగా 36 రావడం పిల్లలకు బాగా నచ్చింది, ఆ మెట్టుకు రెండే పిక్కలు కావాలి మరి.

నా దృష్టి మాత్రం చివరి నుంచి రెండో సంఖ్యమీద నిలిచింది. 128 అంటే 7వ స్థానంలో ఒకే పిక్క. 127 బల్లలో చివరి నుంచి రెండోది 4వ స్థానంలో ఒకే ఖాళీ. 31ని కూడా చూశాను: 4, 14, 8, 0. అక్కడ 8, అంటే 3వ స్థానంలో ఒకే పిక్క. స్థానాలు 3, 4, 7. ఘాతాలు 5, 7, 13. ఘాతానికి ఒకటి కలిపి సగం చేస్తే ఆ స్థానం వస్తున్నది.

ఇది యాదృచ్ఛికం కాదని రాత్రి కూర్చుని తేల్చుకున్నాను. చివర సున్నా వచ్చిందంటే దాని ముందు సంఖ్య వర్గానికి శేషం 2. అంచు దాటి తిరిగివచ్చే నియమం వల్ల, ఘాతంకన్నా ఒకటి ఎక్కువైన స్థానం విలువ కూడా 2కు సమానం. ఆ స్థానంలో సగం దగ్గర ఉన్న ఒంటరి పిక్క వర్గం సరిగ్గా అక్కడికే చేరుతుంది. ప్రధాన సంఖ్య దృష్ట్యా 2కు రెండే వర్గమూలాలు ఉండగలవు, ఒకటి ఆ ఒంటరి పిక్క, రెండోది దాని ఋణరూపమైన ఒంటరి ఖాళీ. మూడో దారి లేదు. 2¹⁷ − 1ను కాగితంమీద పదిహేను మెట్లూ చేశాను, 131071కి చివరి నుంచి రెండోది 130559. అంటే 131071లో 512 తక్కువ, 9వ స్థానంలో ఒకే ఖాళీ.

అయితే 127 ఘాతానికి 64వ స్థానంలో ఏకాకి గడి కనిపించాలి. మా అసలు లెక్కకు ఇదే సాక్షి అని రాసిపెట్టుకున్నాను.

జూలై 27

పరీక్ష ఎందుకు నమ్మదగినదో మేనల్లుడికి చెప్పవలసి వచ్చింది, ఇక్కడ కూడా రాస్తున్నాను. 2 + √3, 2 − √3 అనే రెండింటి మొత్తం 4, లబ్ధం 1. మొత్తాన్ని వర్గం చేసి 2 తీసివేస్తే వాటి వర్గాల మొత్తం వస్తుంది. కాబట్టి మన వరుసలోని ప్రతి సంఖ్యా ఆ రెండింటి ఘాతాల మొత్తమే, ప్రతి మెట్టుకూ ఘాతం రెట్టింపవుతుంది. నూట ఇరవై అయిదు మెట్ల తరువాత సున్నా వచ్చిందనుకుందాము. అప్పుడు 2 + √3ను 2¹²⁶సార్లు హెచ్చిస్తే −1, 2¹²⁷సార్లు హెచ్చిస్తే 1 వస్తుంది, అంతకన్నా ముందు 1 రాదు. ఇప్పుడు మన సంఖ్య ప్రధానం కాదని వాదిస్తే, దాని వర్గమూలాన్ని మించని ప్రధాన భాజకం ఒకటి ఉండాలి. ఆ భాజకం దృష్ట్యా √3ను కలుపుకొని ఏర్పడే సంఖ్యలు, సున్నా పోగా, భాజకం వర్గంకన్నా ఒకటి తక్కువ. ఆ వర్గం మన సంఖ్యను మించదు గనుక అవి 2¹²⁷కన్నా తక్కువే. అన్ని భిన్నమైన ఘాతాలు అంత చిన్న గుంపులో ఇమడవు. కాబట్టి అటువంటి భాజకం లేదు.

బడిలో ఈ వాదనను పదో తరగతికి చెప్పవచ్చా అని ఆలోచించాను. √3ను కలుపుకోవడం అన్నచోట ఆగిపోతారు. పిక్కల బల్ల మాత్రం ఆరో తరగతికీ చెప్పవచ్చు.

ఆగస్టు 10

127 గడుల బల్లను అంగుళానికో గడి చొప్పున గీస్తే పది అడుగుల ఏడు అంగుళాలు, మా వసారాలో పడుతుంది. కాని గడులు 16129. సగం గడులు నిండే సంఖ్యకు ఒక్క వర్గానికే నాలుగు వేలకు పైగా పిక్కలు, అటువంటివి నూటికి పైగా. అమ్మ డబ్బా చాలదు, మా నడుములూ చాలవు. లూకాస్ ఓపికకు మనసులో దండం పెట్టి ప్రోగ్రాముకు మళ్లాము.

మేనల్లుడు సీ భాషలో రాశాడు. సంఖ్యను పదహారేసి బిట్ల ఎనిమిది ముక్కలుగా పెట్టుకున్నాడు, మొత్తం 128 బిట్లు. వర్గం పదహారు ముక్కలవుతుంది, పై ఎనిమిదింటిని మడిచి కింది ఎనిమిదింటిలో కలపాలి. నడిపిస్తే నూట ఇరవై అయిదో మెట్టులో సున్నా రాలేదు. ప్రోగ్రాము మా సంఖ్యను సంయుక్త సంఖ్య అన్నది. లూకాస్ తప్పా, మనం తప్పా అన్న ప్రశ్నకు జవాబు ఇద్దరికీ తెలుసు, తప్పు ఎక్కడుందన్నదే తెలియలేదు.

మెట్లన్నీ ముద్రించి చూశాము. 4, 14, 194, 37634, 1416317954, 2005956546822746114, 4023861667741036022825635656102100994. ఈ చివరిది ముప్పై ఏడు అంకెలది, మన సంఖ్యకన్నా చిన్నది. అంటే ఇక్కడి వరకూ భాగహారం అవసరమే పడలేదు. ఈ సంఖ్యలు సరైనవా అని అంకెల మొత్తాలతో చూశాను. 14 అంకెలను కలిపితే 5. 5 వర్గం నుంచి 2 తీస్తే 23, మళ్లీ 5. కాబట్టి భాగించనంతవరకూ ప్రతి సంఖ్య అంకెల మొత్తమూ చివరకు 5కే రావాలి. 1416317954కు 41, అంటే 5. తరువాతిదానికి 77, అంటే 14, అంటే 5. ముప్పై ఏడు అంకెలదానికి 140, మళ్లీ 5. హెచ్చవేతలో తప్పు కనబడలేదు. మిగిలింది మడత.

పిక్కల బల్లను తలచుకోగానే దొరికింది. వాడు పై సగాన్ని ఉన్నదున్నట్లు కింది సగంలో కలిపాడు. కాని పై సగం మొదలయ్యేది 128వ స్థానం దగ్గర, 127వ దగ్గర కాదు. 127వ స్థానం విలువ 1కి సమానం, 128వ స్థానం విలువ 2కు. పై సగాన్ని రెట్టింపు చేసి కలపాలి, ఎనిమిదో ముక్కలోని పై బిట్టును కూడా మడవాలి. వాడు చేసినది 2¹²⁸ − 1 దృష్ట్యా లెక్క. ఆ సంఖ్యకు 3, 5, 17 అన్నీ భాజకాలే, అందులో సున్నాకోసం వెదకడం వృథా. ‘ఒక్క గడి తేడా, అత్తా’ అన్నాడు. పదమూడు గడుల బల్లమీద పిల్లలు చేయని తప్పు ఇది.

ఆగస్టు 17

సరిచేసి నడిపించాము. నూట ఇరవై అయిదో మెట్టులో సున్నా వచ్చింది. ఎనిమిది వారాల తయారీ, తెరమీద రెప్పపాటు కూడా పట్టని లెక్క. కరెంటు పోతుందేమోనని బ్యాటరీ సిద్ధం చేసుకున్నందుకు కొంచెం సిగ్గుపడ్డాము.

నేను అడిగినది సున్నాను కాదు, దాని ముందు మెట్టును. నూట ఇరవై నాలుగో ఫలితాన్ని 127 గడుల వరుసగా, ఒకట్లకు ఒక రంగూ సున్నాలకు ఒక రంగూ ఇచ్చి తెరమీద పరిపించాము. కుడినుంచి సున్నాతో లెక్కపెడితే 64వ గడి ఒక్కటే మిగిలిన 126 గడులకు భిన్నంగా నిలిచింది. అమ్మకు చూపితే, మధ్యలో ఆ ఒక్కటీ ఎందుకు విడిపోయిందని అడిగింది. నెలక్రితం నేలమీద చూసిన ఒంటరి ఖాళీని గుర్తుచేశాను.

ఈ సంఖ్యతో ముడిపడిన మరొక విషయాన్ని కూడా ఈ రోజే లెక్కకట్టాము. దీనిని 2¹²⁶తో హెచ్చిస్తే తన కారకాల మొత్తానికి తానే సమానమయ్యే పరిపూర్ణ సంఖ్య వస్తుంది, తనను మినహాయించి లెక్కించాలి సుమా. దానికి 77 అంకెలు. 6, 28, 496 దానికి పూర్వీకులు.

ఆగస్టు 24

లూకాస్ తన కాలంలో 4తో కాక 3తో మొదలుపెట్టాడు. ఘాతాన్ని 4తో భాగిస్తే 3 మిగిలినప్పుడు ఆ ఆరంభం పనికివస్తుంది, 127 అటువంటిదే, 7 కూడా. పిక్కలతో మళ్లీ చేశాము: 3, 7, 47, 48, 16, 0. ఈసారి చివరి నుంచి రెండోది 16, అంటే అదే 4వ స్థానం, కాని ఖాళీకి బదులు పిక్క. మొదలు మారితే గుర్తు మారింది, స్థానం మారలేదు. పెద్ద సంఖ్యకు కూడా 3తో నడిపించాము, అక్కడా సున్నాయే వచ్చింది.

75 ఏళ్లపాటు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నింటిలో పెద్దది ఇదే. 1951లో ఫెరియే అనే ఫ్రెంచి లెక్కలాయన బల్లమీద పెట్టుకునే లెక్కల యంత్రంతో 44 అంకెల సంఖ్యను నిరూపించి దానిని దాటాడు. మరుసటి ఏడు అమెరికాలో రాబిన్సన్ కంప్యూటరుతో ఒకే సంవత్సరంలో అయిదు కొత్త మెర్సెన్ ప్రధానాలను, అంటే రెండు ఘాతంలో ఒకటి తీస్తే వచ్చే ప్రధాన సంఖ్యలను, పట్టాడు, వాటిలో మొదటిది 2⁵²¹ − 1. 2024 అక్టోబరులో బయటపడిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1కు 4,10,24,320 అంకెలు. అది మా వసారా సంగతి కాదు.

521 మాత్రం మా పరిధిలోదే. ముక్కలు ఎనిమిదికి బదులు ముప్పై మూడు కావాలి, మొత్తం 528 బిట్లు, మడత స్థానం చివరి ముక్కలో తొమ్మిది బిట్ల దగ్గర. ఈసారి మేనల్లుడు ప్రోగ్రాము రాయకముందే నేలమీద సున్నంముక్కతో గడులు గీసి, అంచు ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నాడు. ముందుగా మెర్సెన్ జాబితాలోని 257ను పెట్టి చూశాము. సున్నా రాలేదు, రాకూడదు కూడా, అది ఆ జాబితాలోని మరో తప్పు. తరువాత 521ని పెట్టాము. అయిదువందల పంతొమ్మిదో మెట్టులో సున్నా, దాని ముందు మెట్టులో 261వ గడి ఒక్కటే ఒంటరిగా.